వరద దారికి హద్దు చూపిన మహా ఇంజనీరు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య

సెప్టెంబరు 15 ఇంజనీర్ల దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం

హైదరాబాద్, సెప్టెంబరు 14: భారతరత్న సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని 1968 సంవత్సరం నుండి దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకోవడం జరుగుతోంది. కృష్ణరాజసాగర్ నిర్మాతగా, మైసూరు సంస్థాన దివానుగా ఆయన పేరు అందరికీ సుపరిచితం. కాగా, హైదరాబాద్ నగర చరిత్రలో ఆయన స్థానం మరింత విశిష్టమైనది. వేలాది ప్రాణాలను బలిగొన్న 1908 నాటి మూసీ వరద అనంతరం ఈ నగరం తిరిగి నిలదొక్కుకోవడానికి మార్గం చూపినది ఆయనే. వర్షపు నీరు పారవలసిన దారికీ, మనుషులు ఇళ్లు కట్టుకొనే నేలకూ మధ్య స్పష్టమైన ఏర్పాటు ఉండాలని ఆయన కృషి తెలియజేస్తుంది. ప్రతి వర్షాకాలంలోనూ నగరాలు ముంపునకు గురవుతున్న నేటి పరిస్థితులలో ఆ మహనీయుని జీవితాన్ని ఈ కోణం నుండి స్మరించుకోవడం ఎంతైనా అవసరం.

బాల్యం, విద్యాభ్యాసం

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న నాటి మైసూరు సంస్థానంలోని చిక్కబళ్లాపురం సమీపాన గల ముద్దేనహళ్లి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరి పూర్వీకులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుండి మైసూరు ప్రాంతానికి తరలివెళ్లిన తెలుగు కుటుంబీకులు. ఆ గ్రామ నామమే వారి ఇంటిపేరుగా స్థిరపడి, తదనంతర కాలంలో దేశవిదేశాలలో మారుమోగింది.

బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య బెంగళూరులో మేనమామ ఆదరణతో చదువు కొనసాగించారు. ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి తన ఖర్చులు గడుపుకొంటూ సెంట్రల్ కళాశాలలో 1881లో బి.ఎ. పట్టా పొందారు. ఆపై మైసూరు ప్రభుత్వ ఉపకారవేతనంతో పూనాలోని సైన్స్ కళాశాలలో ఇంజనీరింగు అభ్యసించి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా నియమితులై నాసిక్‌లో విధులలో చేరారు.

బొంబాయి ప్రభుత్వ సేవలో

బొంబాయి సర్వీసులో ఆయన గడిపిన కాలం దాదాపు పాతికేళ్లు. ఈ కాలంలో ఆయన చేపట్టిన పనులలో అధికభాగం నీటికి సంబంధించినవే. సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకాన్ని రూపొందించి అమలుపరచారు. బొంబాయి ప్రభుత్వ శానిటరీ ఇంజనీరుగా అనేక పట్టణాల మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల సమస్యలను పరిశీలించారు. 1906లో ఏడెన్ ఓడరేవు పట్టణానికి వెళ్లి అక్కడి నీటి సరఫరా, మురుగు పారుదల ఏర్పాట్లపై ప్రభుత్వానికి సూచనలు అందించారు.

పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయం వద్ద 1903లో ఆయన అమర్చిన స్వయంచాలక గేట్లు ఈ కాలంలో ఆయనకు విశేష ఖ్యాతి తెచ్చిపెట్టాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే నీటినిల్వను పెంచడం, వరద నిర్ణీత మట్టానికి చేరగానే గేట్లు వాటంతట అవే తెరుచుకోవడం, వరద తగ్గగానే తిరిగి మూసుకోవడం వీటి ప్రత్యేకత. నీటిని నిల్వచేయడం, అవసరమైన వేళ సురక్షితంగా విడుదల చేయడం అనే రెండు పనులూ ఒకే ఏర్పాటులో ఇమిడి ఉండాలన్న ఆలోచన అందులో కనిపిస్తుంది. ఇదే ఆలోచన అటుపై హైదరాబాద్‌కు ఎంతగానో ఉపకరించింది.

నాటి పాలనలో చీఫ్ ఇంజనీరు పదవులు ఐరోపావారికే దక్కుతున్న కారణంగా తనకు ఆ అవకాశం రాదని గ్రహించిన విశ్వేశ్వరయ్య 1908లో స్వచ్ఛందంగా సర్వీసు నుండి వైదొలగి విదేశ పర్యటనకు బయలుదేరారు. ఆ పర్యటనలో ఉండగానే నిజాం ప్రభుత్వం నుండి ఆయనకు పిలుపు వచ్చింది.

1908 సెప్టెంబరు 28

హైదరాబాద్ నగర చరిత్రలో 1908 సెప్టెంబరు 28 మరువరాని విషాద దినం. అంతకు ముందు కురిసిన కుండపోత వర్షాలకు మూసీ నది ఉప్పొంగి నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయినట్లు, నగర జనాభాలో దాదాపు నాలుగో వంతు నిరాశ్రయులైనట్లు అంచనా. నదికి ఆనుకొని ఉన్న కోల్సావాడి వంటి బస్తీలు తుడిచిపెట్టుకు పోయాయి. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ ప్రాంతంలోని ఒక చింతచెట్టును ఆశ్రయించి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలోని ఆ చెట్టు నాటి విషాదానికి సాక్షిగా నిలిచింది.

ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం సహాయక చర్యలతో సరిపుచ్చుకోలేదు. ఇటువంటి విపత్తు పునరావృతం కాకుండా శాశ్వత పరిష్కారం సూచించగల నిపుణుని కోసం అన్వేషించి విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. ఆయన తన పర్యటన ముగించుకొని 1909 ఏప్రిల్‌లో హైదరాబాద్ చేరుకొని బాధ్యతలు స్వీకరించారు. వరద నివారణ, నగర పునర్నిర్మాణం, మురుగునీటి పారుదల పథకం రూపకల్పన ఆయనకు అప్పగించిన ప్రధాన విధులు.

వరద మూలాల అన్వేషణ

నగరంలో మునిగిన వీధులను పరిశీలించడంతో ఆయన ఆగలేదు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతమంతటినీ అధ్యయనం చేశారు. వర్షపాత వివరాలు సేకరించారు. శంషాబాద్ వద్ద 24 గంటలలో 12.8 అంగుళాలు, అనగా సుమారు 325 మిల్లీమీటర్ల వర్షం నమోదైనట్లు వెల్లడైంది. 48 గంటలలో అది 18.9 అంగుళాలకు చేరింది. నగరం వద్ద గరిష్ఠ వరద ప్రవాహం 4.25 లక్షల క్యూసెక్కులుగా అంచనా వేయడం జరిగింది.

అంతకంటే ముఖ్యమైన అంశం మరొకటి ఆయన పరిశీలనలో వెలుగుచూసింది. ఆ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉండగా, వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. దాదాపు చదరపు మైలుకు ఒక చెరువు చొప్పున ఉన్న ఆ గొలుసుకట్టు వ్యవస్థలో ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. సాధారణ వర్షాలకు ఈ ఏర్పాటు వరదను నెమ్మదింపజేసి, నీటిని సాగుకు మళ్లించి, నగరానికి రక్షణ కల్పిస్తుంది. కానీ పై చెరువు కట్ట తెగినప్పుడు ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువుపై పడి, దాని కట్టనూ తెంచుతుంది. ఆ విధంగా ఒకదాని వెంట ఒకటిగా చెరువులు తెగి, వాటి నీరు కూడా వాననీటికి తోడై నగరంపై విరుచుకుపడింది.

నగరంలో సంభవించే వరదకు కారణాలు నగరం వెలుపల కూడా ఉంటాయని, చెరువు, అలుగు, వాగు, నది అన్నీ ఒకే వ్యవస్థలో భాగాలని ఈ అధ్యయనం నిరూపించింది. నీటి పారుదలను పరీవాహక ప్రాంతం ప్రాతిపదికగా పరిశీలించాలని నేడు ప్రణాళికావేత్తలు నొక్కి చెబుతున్న విషయాన్ని ఆయన శతాబ్దం క్రితమే ఆచరించి చూపారు.

జంట జలాశయాలు, నదీ తీరం

విశ్వేశ్వరయ్య 1909 అక్టోబరులో నివేదిక సమర్పించారు. నగరానికి ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై మరొకటి చొప్పున రెండు జలాశయాలు నిర్మించి, వరద నీటిని అక్కడ నిలిపి, నగరంలోని నదీగర్భం భరించగల మేరకు మాత్రమే క్రమంగా విడుదల చేయాలన్నది అందులోని ప్రధాన సిఫారసు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో ఈ సిఫారసు కార్యరూపం దాల్చింది. మూసీపై గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వీటి నిల్వ సామర్థ్యం వరుసగా సుమారు 3.9 టి.ఎం.సి.లు, 2.97 టి.ఎం.సి.లు. వరద నివారణకై తలపెట్టిన ఈ జలాశయాలే తరతరాలుగా నగర ప్రజల దాహార్తిని సైతం తీర్చడం విశేషం. హిమాయత్‌సాగర్ నిర్మాణంలో కీలకపాత్ర వహించిన హైదరాబాద్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జన్మదినమైన జులై 11ను తెలంగాణ రాష్ట్రం ఇంజనీర్ల దినోత్సవంగా పాటిస్తోంది.

నదీ తీరం విషయంలోనూ ఆయన దూరదృష్టి ప్రదర్శించారు. నగర పరిధిలో మూసీ గట్లను ఎత్తు చేసి, తీరం వెంబడి కిక్కిరిసిన నివాసాలకు బదులు ఉద్యానవనాలు, విహార మార్గాలు ఏర్పాటు చేయాలని సూచించారు. నది పొంగినప్పుడు నష్టపోయేది తోట అయితే మరుసటి ఏడు మళ్లీ నాటుకోవచ్చు. బస్తీ అయితే పోయిన ప్రాణాలు తిరిగిరావు. ఇటువంటి ఏర్పాటులోని ప్రయోజనం ఇదే.

మురుగునీరు నేరుగా మూసీలో కలవకుండా, భూగర్భ మార్గాల ద్వారా నగరం దిగువకు తరలించే ఆధునిక పారుదల వ్యవస్థకు సైతం ఆయన రూపకల్పన చేశారు. 1912లో ఏర్పాటైన నగరాభివృద్ధి మండలి రహదారుల విస్తరణ, ఇరుకు బస్తీల స్థానంలో ఆరోగ్యకరమైన గృహాల నిర్మాణం, బహిరంగ స్థలాల కల్పన వంటి పనులు చేపట్టింది. భూమి వినియోగాన్ని, పారుదలను, ప్రజారోగ్యాన్ని కలిపి చూసే ప్రత్యేక సంస్థ ఒకటి హైదరాబాద్‌లో ఆనాడే రూపుదిద్దుకోవడం గమనార్హం.

మైసూరు సేవ, తిరిగి హైదరాబాద్‌కు

హైదరాబాద్ బాధ్యతల అనంతరం విశ్వేశ్వరయ్య 1909 నవంబరులో మైసూరు సంస్థాన చీఫ్ ఇంజనీరుగా నియమితులయ్యారు. కావేరి నదిపై కృష్ణరాజసాగర్ నిర్మాణానికి అంకురార్పణ చేశారు. 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, భద్రావతి ఉక్కు కర్మాగారం వంటి సంస్థల వెనుక ఆయన కృషి ఉన్నది. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ప్రదానం చేసింది.

పదవీ విరమణ తరువాత కూడా హైదరాబాద్‌తో ఆయన అనుబంధం తెగిపోలేదు. తాను సూచించిన పారుదల పనుల పురోగతి, నగరాభివృద్ధిపై సలహాలు ఇచ్చే నిమిత్తం 1922లోను, 1930లోను నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై తిరిగి వచ్చారు. నివేదిక సమర్పణతో బాధ్యత తీరిపోయిందని భావించక, అమలు తీరును సైతం పరిశీలించడం ఆయన పనివిధానంలోని ప్రత్యేకత. 1930ల చివరలో మహాత్మాగాంధీ కోరిక మేరకు ఒరిస్సా వరదల సమస్యను అధ్యయనం చేసి నివేదికలు అందించారు. తొంభై ఏళ్లు పైబడిన వయస్సులో గంగానదిపై వంతెన నిర్మాణ స్థలాన్ని ఎంపిక చేసే విషయంలో కేంద్ర ప్రభుత్వానికి తోడ్పడ్డారు. 1955లో భారత ప్రభుత్వం ఆయనను భారతరత్న పురస్కారంతో గౌరవించింది. నిరాడంబరత, సమయపాలన, క్రమశిక్షణలకు మారుపేరుగా నిలిచిన ఆ మహనీయుడు నిండు నూరేళ్లు దాటిన జీవితాన్ని గడిపి 1962 ఏప్రిల్‌లో పరమపదించారు.

ఆనకట్ట కట్టినంత మాత్రాన సరిపోదు

జంట జలాశయాల నిర్మాణంతో ఎగువ నుండి వచ్చే వరద తీవ్రత చాలావరకు అదుపులోకి వచ్చింది. అయితే నగరం లోపల కురిసే వాననీటిని ఆ జలాశయాలు ఆపలేవు. ఆ నీరు చెరువుల్లోకి, నాలాల్లోకి, అక్కడి నుండి మూసీలోకి చేరవలసిందే. నేల ఆరుబయలుగా ఉన్నప్పుడు వర్షంలో కొంత భాగం భూమిలోకి ఇంకుతుంది. కాంక్రీటు, తారు పరచుకున్న కొద్దీ ఇంకే నీరు తగ్గి, పారే నీరు పెరుగుతుంది, అదీ తక్కువ వ్యవధిలో. ఆ ప్రకారం నాలాలు వెడల్పు కావలసిన కాలంలో అవి ఆక్రమణలతో కుంచించుకుపోయాయి. చెరువుల శిఖం భూములలో కాలనీలు వెలిశాయి. అలుగుల దారులు మూసుకుపోయాయి.

పర్యవసానం అందరికీ తెలిసినదే. 2000 ఆగస్టు 24న హైదరాబాద్‌లో 24 గంటలలో 241.5 మిల్లీమీటర్ల వర్షం కురిసి లోతట్టు ప్రాంతాలు జలమయమయ్యాయి. 2020 అక్టోబరు రెండో వారంలో బేగంపేట వద్ద 24 గంటలలో 191.8 మిల్లీమీటర్ల వర్షం నమోదై, నగరంలో భారీ ప్రాణ, ఆస్తి నష్టం సంభవించింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో జంట జలాశయాల గేట్లు ఎత్తిన సందర్భంగా మూసీ నీరు మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ప్రాంగణంలోకి ప్రవేశించింది. జలాశయం తన సామర్థ్యం మేరకే నీటిని నిలపగలదు. ఆపై విడుదలయ్యే నీటికి దిగువన దారి ఉండి తీరాలి.

నిబంధనలు, అమలు

ఈ దారిని కాపాడేందుకు ప్రభుత్వాలు కాలానుగుణంగా చట్టాలు, నిబంధనలు తీసుకువచ్చాయి. జంట జలాశయాల పూర్తి నీటిమట్టం నుండి 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలలో కాలుష్య కారక పరిశ్రమలు, భారీ హోటళ్లు, నివాస కాలనీలు తదితర నిర్మాణాలను నియంత్రిస్తూ 1996 మార్చి 8న జి.ఓ.ఎం.ఎస్. నెం. 111 వెలువడింది. జలాశయాల పరిరక్షణ ఆవశ్యకతను సుప్రీంకోర్టు 2000 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో సమర్థించింది. అటుపై 2022 ఏప్రిల్ 12 నాటి జి.ఓ.ఎం.ఎస్. నెం. 69 ద్వారా ఆ ఆంక్షలను, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతులతో, తొలగించడం జరిగింది. జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం 2002లో అమలులోకి వచ్చింది.

2012 ఏప్రిల్ 7న జి.ఓ.ఎం.ఎస్. నెం. 168 ద్వారా జారీ అయిన భవన నిర్మాణ నిబంధనలు హద్దులను అంకెలలో స్పష్టంగా నిర్దేశించాయి. 10 హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణం గల చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుండి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులు, కుంటల నుండి 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగులు, నాలాలు, వరదనీటి కాలువల నుండి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు గల వాటి నుండి 2 మీటర్ల మేర నిర్మాణాలు చేపట్టరాదు. 2024 జులైలో ఏర్పాటైన హైడ్రాకు విపత్తు నిర్వహణతోపాటు చెరువులు, నాలాల పరిరక్షణ బాధ్యతను అప్పగించడమైనది.

ఈ నిబంధనలు ఫలవంతం కావడం క్షేత్రస్థాయి సిబ్బంది చేతిలో ఉన్నది. చెరువు పూర్తి నీటిమట్టాన్ని సర్వే చేసి హద్దురాళ్లు నాటే నీటిపారుదల సిబ్బంది, శిఖం భూమి వివరాలు ధ్రువీకరించే రెవెన్యూ ఉద్యోగి, లే-అవుట్ దరఖాస్తును నాలా పటంతో సరిపోల్చవలసిన పట్టణ ప్రణాళికాధికారి, అనుమతికి మించి కట్టిన గోడను సకాలంలో గుర్తించవలసిన పురపాలక సిబ్బంది ఈ గొలుసులోని లంకెలు. 1908లో ఒక చెరువు తెగితే దిగువనున్న చెరువు నిలవలేకపోయింది. అదేవిధంగా ఈ లంకెలలో ఏ ఒక్కటి తెగినా మిగిలిన వారి శ్రమ వృథా అవుతుంది.

ఒకసారి ఇల్లు వెలిసి, కుటుంబం కాపురం చేరిన పిదప హద్దును పునరుద్ధరించడం అందరికీ బాధాకరమే. జీవితకాలపు పొదుపుతో స్థలం కొన్న సామాన్యుడు అంతిమంగా నష్టపోతున్నాడు. కూల్చివేత వేళ ఆయన కన్నీరు, ముంపు వేళ పొరుగువారి కన్నీరు రెండూ నివారించదగినవే. అందుకు సరైన సమయం అనుమతి మంజూరు చేసే నాడే. కొనుగోలుదారులు సైతం స్థలం పూర్తి నీటిమట్టం పరిధిలోగాని, బఫర్ జోన్‌లోగాని ఉన్నదేమో ముందుగా విచారించుకోవడం శ్రేయస్కరం. ఈ సమాచారాన్ని ప్రజలలోకి తీసుకువెళ్లడంలో పాత్రికేయుల పాత్ర ఎంతో విలువైనది. వరద వచ్చిన నాటి వార్తతో పాటు, వేసవిలో మూసుకుపోతున్న నాలాను గురించిన వార్త కూడా అంతే ప్రాధాన్యం పొందవలసి ఉన్నది.

విశ్వేశ్వరయ్య హైదరాబాద్‌లో తొలిసారి గడిపిన కాలం ఏడాదిలోపే. ఆ కొద్ది నెలలలో ఆయన చెరువులను లెక్కించారు, వర్షాన్ని కొలిచారు, నీటికి చోటు చూపారు. ఆయన చిత్రపటానికి పూలమాల వేసే ఇంజనీర్లు, అధికారులు తమ పరిధిలోని చెరువు ఎన్ని ఎకరాలు, దాని అలుగు ఎటు పారుతుంది, ఆ దారిలో ఏ అనుమతులు పెండింగులో ఉన్నాయి అన్న వివరాలను ఈ సందర్భంగా మరొక్కసారి సరిచూసుకోవడం ఆ మహా ఇంజనీరుకు అర్పించే నిజమైన నివాళి కాగలదు.

సమాచార, పౌరసంబంధాల శాఖచే జారీ చేయడమైనది.